ఒక్కసారే ఇచ్చే మాట

“ఈ గొంతు ఎక్కడో విన్నానే,” అన్నాడు బౌద్ధమఠం పెద్ద తాతస్వామి, శుక్లాలు కమ్మిన కళ్ళు చికిలించి.

లమయి చాపమీద కాళ్ళు పక్కకి మడిచి కూర్చున్నది కూర్చున్నట్టే చేతులు జోడించింది.

“అవును స్వామీ. మూడేళ్ళ కిందట వచ్చాను. మా పెద్దవాడు ప్రసిత్‌ను చేర్చాను.”

“ఆఁ, ప్రసిత్! డోలు వాడే అందుకునేవాడు. పాడితే వాంతులు చేసుకునేవాళ్ళు కూడా తలెత్తి వినేవాళ్ళు. ఏడీ వాడు?”

పక్కనున్న కొడుకు తల ఇంకాస్త దించుకున్నాడు. బయట కాలవ గట్టున, ఎర్రబట్టలు తొడిగిన మనుషులు మత్తు వదిలించే మందు తాగి, వరసగా మోకాళ్ళమీద కూర్చుని కక్కుతున్నారు. వెనక నిలబడ్డవాళ్ళు డోలు కొడుతూ వాళ్ళకి ధైర్యం చెబుతున్నారు.

“పోయాడు స్వామీ.”

ఆ మాటను బస్సులో దారి పొడుగునా నములుతూ వచ్చింది లమయి. తీరా అనేశాక నోరంతా చేదయింది.

“మాట తప్పాడా?”

“ఇంటికొచ్చి నాలుగు నెలలన్నా ఆగలేదు. మళ్ళీ ఆ పాడు మత్తుమాత్రలే.”

“అందుకే చెప్పేది. బుద్ధుడి ఎదుట ఇక్కడ ‘మత్తు ముట్టను’ అని పలికే సత్యం బతుకులో ఒక్కసారే. తప్పినవాడికి మళ్ళీ ఈ గేటు తియ్యం, మంత్రిగారి కొడుకైనా సరే. మొన్న వానల్లో ఒక తల్లి గేటు పట్టుకుని పొద్దుగూకేదాకా ఏడ్చింది. తియ్యలేదు.”

“తెలుసు స్వామీ.” తెలియకేం! ఆమెకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు.

“ఇప్పుడు చిన్నవాణ్ణి తెచ్చావన్నమాట.”

లమయి కొంగులోంచి గుర్తింపు కార్డు తీసింది. ఆడవాళ్ళ చేతినుంచి నేరుగా అందుకోకూడదని తాతస్వామి ముందు గుడ్డ పరిచాడు. దాని మీద పెట్టింది. పక్కనున్న, ఈమధ్యే చేరిన కుర్ర సన్యాసి కార్డునీ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

“ఫొటోలో కాస్త ఒళ్ళుందే!”

“ఆ మాత్రలు మింగేవాడికి ఒళ్ళెక్కడ మిగులుతుంది స్వామీ?”

“నిరన్!” అని పిలిచాడు తాతస్వామి. జవాబు లేదు. మళ్ళీ పిలిచాడు. లమయి మోచేత్తో పొడిస్తే అప్పుడు ఉలిక్కిపడి దణ్ణం పెట్టాడు.

“చెవుడా?”

“జ్వరం స్వామీ. గొంతు కూడా పూడుకుపోయింది.”

తాతస్వామి నిట్టూర్చాడు. “ముందు ఆ పోయినవాడికి పుణ్యం ధారపోద్దాం. వాడి పాపం వీడికి అడ్డు రాకూడదు.”

“వద్దు స్వామీ!” గభాల్న అనేసి నాలిక కరుచుకుంది లమయి. “బస్సు పోతుంది…”

“పోతే ఇంకోటి వస్తుంది. కన్నతల్లివి, నువ్వు పొయ్యకపోతే వాడికెవరు పోస్తారమ్మా ఇన్ని నీళ్ళు?”

నీళ్ళ ఇత్తడి చెంబు ఆమె ముందు పెట్టారు. “నువ్వు అమ్మ మోచెయ్యి పట్టుకో నాయనా. నీ పుణ్యం కూడా మీ అన్నకు చేరుతుంది.”

కొడుకు పట్టుకున్నాడు. చెయ్యి మంచుగడ్డలా ఉంది. మంత్రం మొదలైంది. ప్రసిత్ ఎక్కడున్నా, ఏ లోకంలో ఉన్నా ఈ పుణ్యం అందుకోవాలని తాతస్వామి పేరు పెట్టి మరీ కోరాడు. లమయి పోసిన ధార పళ్ళెంలో పడక చాప తడిసింది. ఏ తల్లీ పొయ్యకూడని నీళ్ళవి. కొడుకు నోట్లో గుడ్డ కుక్కుకుని కుమిలిపోతున్నాడు. తండ్రి చితి ముందు కూడా వాడు ఇంతలా ఏడవలేదు. ఆ క్షణాన తను చచ్చిపోతే బాగుండుననిపించింది ఆమెకు.

“ఏడవనియ్. తోడబుట్టినవాడు కదా,” అన్నాడు తాతస్వామి.

తర్వాత ప్రమాణం. “నేను…” అని ఆగిపోయాడు కొడుకు.

“పేరు చెప్పాలి. సత్యం పేరును పట్టుకుంటుంది. రేపు నువ్వు తప్పావంటే ఆ పేరుగలవాడికి నిలువనీడ ఉండదు. ఆలోచించుకుని మరీ చెప్పు.”

కొడుకు తల్లివైపు చూశాడు. ఆమె బుద్ధుడి పాదాలకేసి చూస్తోంది.

“చెప్పు నాయనా,” అంది. “ఇంక వేరే దారి లేదు.”

“నేను, నిరన్…” అన్నాడు, వినీ వినపడకుండా.

నల్లటి కషాయం గ్లాసుతో ఇచ్చారు. కొత్తవాళ్ళు ఆ వాసనకే మొహం తిప్పేస్తారు. అతను గుటుక్కున మింగి, ఎవరూ చెప్పకముందే బాల్చీ దగ్గరికి నడిచి వాంతి కోసం దోసిళ్ళతో నీళ్ళు తాగడం మొదలుపెట్టాడు.

“అరే, ఎవరు నేర్పారయ్యా?” అన్నాడు కుర్ర సన్యాసి.

“వాళ్ళన్న చెబుతుండేవాడు,” అంది లమయి, తడుముకోకుండా.

గేటు దాకా తాతస్వామి వచ్చాడు. “ఇక నీకు మిగిలింది వీడొక్కడే తల్లీ. కనిపెట్టుకుని ఉండు.”

ఆమె తలూపింది. బస్సులో పొట్లం విప్పింది గానీ ముద్ద అన్నం, ఎండుచేప అలాగే ఉండిపోయాయి. ప్రసిత్ ఎక్కడున్నా, ఏ లోకంలో ఉన్నా అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. దీపాలు పెట్టేవేళకి ఇల్లు చేరింది.

గుమ్మంలోకి నిరన్ ఎదురొచ్చి, “అన్నయ్యను చేర్చుకున్నారా అమ్మా?” అన్నాడు.