వంకర రేకు

పెరటి బావిగోడకు వాన తగలని పక్కన, ముసలి నత్త గవరయ్య తన వెండి జిగురుతో పెద్ద తామరపువ్వు గీసి కన్నుమూశాడు. ఆ పువ్వంటే సొగసయ్య అనే కుర్ర నత్తకు ప్రాణం. ఒక్క రేకు వంకరగా ఉండటమే అతని మనసును తొలిచేసేది.

"పాపం, చూపు ఆనక గీసుంటాడు. కాస్త దిద్దితే తప్పేముంది?" అనుకుని, ఆ వంకరను నాకి చెరిపేసి, తిన్నగా కొత్త గీత గీశాడు. చీమలు భేష్ భేష్ అన్నాయి. సొగసయ్య కొమ్ములు ఒక పట్టాన కిందికి దిగలేదు.

కొన్నాళ్లకు గవరయ్య కూతురు చుక్కమ్మ వచ్చి గోడంతా వెతికింది.

"అన్నా, ఇక్కడో వంకర రేకు ఉండాలే?"

"నేనే సరిచేశానమ్మా," అన్నాడు సొగసయ్య గర్వంగా.

చుక్కమ్మ ఆ తిన్నని గీత కింద ఉన్న సన్నని పగులును కొమ్ముతో తడిమింది. "అప్పుడు నేనింకా గుడ్డులో ఉన్నాను, ఈ పగుల్లోనే. నాన్న ఇలా తిన్నగా నా మీదుగా పాకి ఉంటే నేను ఉండేదాన్నే కాదన్నా," అని వెళ్లిపోయింది.

ఆ రేకును మళ్లీ వంచాలని సొగసయ్య ఎన్నిసార్లు పాకాడో! వంకర వచ్చేది. గుడ్డును తప్పుకుని పోయిన వంకర మాత్రం రాలేదు.