రెండో మెట్టు

"ఆ రెఫరీ ఎవడో కనబడితే గల్లా పట్టుకొని అడుగుత," అన్నాడు వీరేశ్, ఇంటర్వ్యూ గది బయట బెంచీ మీద కూలబడుతూ.

పక్కన కూర్చున్న సుప్రియ నవ్వింది. ఆమెది శక్తినగర్ కరెంటు కాలనీ, తల్లిదండ్రులు కోస్తా నుంచి వచ్చినవాళ్ళు. రాయచూరు వర్సిటీ గణిత విభాగంలో ఉన్నది ఒకే ఒక్క పోస్ట్‌డాక్ పరిశోధన ఉద్యోగం. వడపోతలో చివరికి మిగిలింది వీళ్ళిద్దరే. అయినా పరిచయమైన కాసేపటికే వీరేశ్ తన గోడంతా పోటీదారు ముందే వెళ్ళబోసుకుంటున్నాడు. అతని నోట్లో నువ్వుగింజ నానదు మరి!

"ఏం చేశాడండీ పాపం?"

"గణిత పత్రికకు పంపిన నా పేపరు ఎనక్కి కొట్టిండు. రుజువుల రెండో మెట్టు నిలవదంట! పేరు చెప్పకుండ చాటుకు రాసెటోడు ఏమన్న రాస్తడు. అది అచ్చయ్యుంటే ఎప్పుడో నౌకరీ దొరుకుతుండె. ఇప్పుడు వయసు దాటబట్టె. ఇది గిట్ల పోయిందంటే మా మామ పత్తి మిల్లుల కూసోవాల్సిందే. గణితం చదివినోనికి లెక్కల పనే కదా అంటడు ఆయన."

మిల్లు మాట వచ్చేసరికి అతను తన ఫైలును ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఇంతకీ ఆ మెట్టేంటండీ?"

వీరేశ్ కొంచెం జంకాడు. ఎలాగూ లోపల చెప్పాల్సిందే, నోరు తిరుగుతుందిలే అనుకుని కాగితం తీసి వివరించాడు.

"బానే ఉంది. ఓ చిన్న మాత్రిక తీసుకుని చేసి చూపించరూ? రెండు వరసలది చాలు."

"అది పీయూసీ పోరగాండ్ల పని మేడం! అన్నిటికీ రుజువైనంక అంకెలేసి చూసుడేంది?"

"నా కోసం చూడండి."

గణితంలో బాగా ముదిరినవాళ్ళకు పట్టే జబ్బే అది. ఇన్నాళ్ళలో ఒక్కసారి కూడా వీరేశ్ అంకెలు వేసి చూసుకోలేదు. ఆమె మాట తీసెయ్యలేక నాలుగంకెలు వేశాడు. రెండో మెట్టు దగ్గర కలం ఆగిపోయింది. కొట్టేసి మళ్ళీ వేశాడు. మళ్ళీ అక్కడే ఆగింది.

"అయ్యయ్యో! నిలుస్తలేదు మేడం. నిజంగనే నిలుస్తలేదు!"

"కంగారు పడకండి. ఎప్పుడు నిలుస్తుందో చూడండి," అని ఆమె నీళ్ళ సీసా చేతికిచ్చింది. అంతలో లోపలి నుంచి ఆమెకు పిలుపొచ్చింది.

ఆమె తిరిగొచ్చేలోగా వీరేశ్ కాగితం రెండువైపులా నింపేశాడు. ఒక్క షరతు కలిపితే మెట్టు నిలబడుతోంది. ప్రాణం లేచొచ్చింది.

లోపల పెద్ద ప్రొఫెసర్ గోవిందప్ప అతని పేపరు తిరగేసి, "ఈ రెండో మెట్టు నాకు నమ్మకంగా లేదే," అన్నాడు.

వీడేనా ఆ రెఫరీ! వీరేశ్ ఒళ్ళు మండింది. కానీ గల్లా పట్టే మొహం ఎక్కడుంది?

"రాసింది తప్పే సార్. ఇప్పుడే బయట తెలిసింది," అని బోర్డు మీద షరతు కలిపి రుజువు చేసి చూపించాడు. గోవిందప్ప ఒక్కో మెట్టూ సరిచూసి, తల ఊపాడు.

మధ్యాహ్నానికి ఉద్యోగం వీరేశ్‌దేనని తేలింది. గేటు బయట బండి దగ్గర సుప్రియకు బొరుగుల వగ్గాణి, మిర్చి బజ్జీ ఇప్పించాడు గానీ, తన ప్లేటు మాత్రం పక్కన పెట్టేశాడు.

"మీరు అడగకపోతే లోపల నా పని ఖతమైతుండె. నౌకరీ మీకే దొరుకుతుండె. ఎందుకడిగినరు మేడం?"

"నాకూ ఏడుపొస్తోందండీ, అబద్ధమెందుకు! కానీ అంత మంచి సిద్ధాంతం ఓ చిన్న షరతు లేక పాడైపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను."

వీరేశ్ కళ్ళు తుడుచుకున్నాడు. కాసేపటికి మళ్ళీ రోషం వచ్చింది.

"రెఫరీ మాత్రం దొరికిండు. ఆ గోవిందప్ప సారే! సీదా అదే మెట్టు పట్టుకున్నడు చూడుండ్రి. దిద్ది మళ్ల అదే పత్రికకు పంపుత. ఈసారి ఏం సాకు చెప్తడో చూస్త."

సుప్రియ అతని వైపు తిరిగింది.

"పంపండి, ఈసారి నేను తిప్పి పంపను."