మూడో పేరు

కాలింగ్ బెల్ మోగింది.

విశాలాక్షి తలుపు తీసేసరికి విన్నిపెగ్ చలిగాలితోపాటు రంగనాథ్ మనుషులు ముగ్గురు లోపలికి వచ్చారు.

"ఆంటీ, తెలుగు సంఘానికి ఈసారి ప్రెసిడెంటు మా అన్నే. మీ ఓటు మాకే వేయాలి."

"ఓటు సంగతి అలా ఉంచండి. మా చరిత ఆస్పత్రిలో ఉంది. పగటిపూట దాని దగ్గర కూర్చోడానికి ఒక్క మనిషిని పంపండి చాలు."

"గెలవగానే స్టూడెంట్స్‌కి హెల్ప్‌లైన్ పెడుతున్నాం ఆంటీ!"

"హెల్ప్‌లైన్ వచ్చి దాన్ని మంచం మీంచి లేపి నడిపిస్తుందా?"

వాళ్ళు నవ్వారు. కరపత్రం చేతిలో పెట్టి, తివాచీ మీద తడి బూట్ల గుర్తులు వదిలి వెళ్ళిపోయారు.

సాయంత్రం పోటీగా నిలబడ్డ కేశవరావు మనుషులు వచ్చారు. కరపత్రం రంగు మారింది. జవాబు మారలేదు.

ఒకప్పుడు సంఘం ఎన్నిక అంటే పులిహోర తింటూ చేతులెత్తి ముగించేసేవాళ్ళు. ఈ రెండేళ్ళలో చదువుకోడానికి వచ్చిన పిల్లలతో ఊరు నిండిపోయింది. ఓట్లు పెరిగాయి. ఓట్లతోపాటు కక్షలూ పెరిగాయి. ఉగాదికి ఒకే పొయ్యి దగ్గర బూరెలు వండినవాళ్ళు కూరగాయల కొట్లో ఎదురైతే మొహాలు తిప్పుకుంటున్నారు. కొత్త మనిషి కనిపిస్తే పేరడగడం కూడా మానేశారు.

"ఏ ప్యానెల్?" అనే అడుగుతున్నారు.

చరిత విశాలాక్షి ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండే పిల్ల. బస్సు దిగుతూ మంచు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది. కరీంనగర్‌లో ఉన్న వాళ్ళమ్మకు వీసా రాలేదు.

"నేను చూసుకుంటానమ్మా" అని విశాలాక్షి ఫోన్లో మాటిచ్చింది. మాటయితే ఇచ్చింది గాని, బడి వంటగదిలో ఉద్యోగం. సెలవు దొరకదు.

నడవకపోతే కాలు పట్టేస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. పిల్లేమో భయంతో మంచం దిగడం లేదు.

"లేచిందా అక్కా?" అని తల్లి రోజూ అడుగుతుంది.

"రేపు లేస్తుందిలే" అని విశాలాక్షి రోజూ చెబుతుంది.

రెండు ప్యానెళ్ళవాళ్ళూ ఆస్పత్రికి వెళ్ళారు. ఫొటోలు దిగారు. "మన బిడ్డకు అండగా" అని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకున్నారు. మంచం పక్కన కుర్చీ మాత్రం ఖాళీగానే ఉంది.

ఓ సాయంత్రం వెళ్ళేసరికి ఆ కుర్చీలో ముప్పై ఏళ్ళ అమ్మాయి ఎవరో కూర్చుని ఉంది. కళ్ళకింద నిద్రలేమి. మందుల మగతలో ఉన్న చరిత జుట్టు చిక్కు తీస్తోంది.

"మీది ఏ ప్యానెల్?" విశాలాక్షి గుమ్మంలోంచే అడిగింది.

"నాకు ప్యానెల్ లేదండీ."

"అందరూ అదే అంటారు. ఫొటో దిగారా? అయితే ఇక బయల్దేరండి."

ఆ అమ్మాయి దువ్వెన బల్లమీద పెట్టి, కోటు తీసుకుని వెళ్ళిపోయింది.

మళ్ళీ ఆమె విశాలాక్షి కంటబడలేదు. కానీ సాయంత్రం వెళ్ళేసరికి చరితకు జడ వేసి ఉండేది. పెరుగన్నం డబ్బా కడిగి బోర్లించి ఉండేది.

"ఆ అక్క నైట్ డ్యూటీ దిగి ఇటే వస్తున్నది ఆంటీ. ఆమె మొన్న ఏమన్నదంటే, ఈ ఎలక్షన్ల..."

"ఎలక్షన్ మాట ఈ గదిలో ఎత్తకు తల్లీ, నీకు దణ్ణం పెడతాను! ఓట్లున్నంతవరకే ఈ ప్రేమలు. ఓటింగ్ రోజున వస్తే అప్పుడు చెప్పు నాకు."

చరిత దుప్పటి మెడదాకా లాక్కుంది.

ఆదివారం కమ్యూనిటీ హాలు కిక్కిరిసిపోయింది. పిల్లల్ని కార్లలో తెచ్చి దింపుతున్నారు, సమోసాలు చేతిలో పెడుతున్నారు.

ఓటు కాగితం మీద మూడు పేర్లున్నాయి. రంగనాథ్, కేశవరావు, ధరణి.

"ఈ ధరణి ఎవరే?" క్యూలో ఒకావిడ.

"కేశవరావు నిలబెట్టిన డమ్మీ. మన ఓట్లు చీల్చడానికి."

"ఛ, కాదు! రంగనాథే పెట్టించాట్ట."

విశాలాక్షికి ఒళ్ళు మండింది. వీళ్ళలో ఎవరు గెలిస్తే ఏమిటి? చరిత మంచం దిగుతుందా? మూడు పేర్ల మీదా బరబరా అడ్డగీతలు గీసి, మడిచి పెట్టెలో పడేసింది.

రంగనాథ్ గెలిచాడు. మైకు పట్టుకున్న పెద్దమనిషి చివరి పేరు చదివాడు.

"ధరణి... సున్నా."

"తన ఓటు కూడా తను వేసుకోలేదురోయ్!" వెనకనుంచి ఎవరో అరిచారు.

హాలంతా ఘొల్లున నవ్వింది. ఎన్నాళ్ళుగానో నవ్వు మరిచిపోయిన విశాలాక్షి కూడా నవ్వేసింది.

అట్నుంచి అటే బస్సెక్కి ఆస్పత్రికి వెళ్ళింది. కుర్చీ ఖాళీగా ఉంది.

"చూశావా, నేను చెప్పలా..." అనబోయింది.

మంచం కూడా ఖాళీగా ఉంది.

చరిత కిటికీ దగ్గర వాకర్ పట్టుకుని నిలబడి ఉంది. జడ ఇంకా తడి ఆరలేదు.

"నడిచిన ఆంటీ! తలుపు దాకా పోయొచ్చిన! అమ్మకు నేనే ఫోన్ చేసి చెప్పిన!"

విశాలాక్షి కళ్ళు తుడుచుకుంది. "ఎవరే నడిపించింది?"

"అక్కనే. పొద్దుగాల నుంచి ఇక్కడనే ఉండె, ఇప్పుడే డ్యూటీకి పోయింది. 'ఎలక్షన్లకు నీ పేరు ఇచ్చిందే నేను, పోయి నీ ఓటన్నా నువ్వు వేసుకో ధరణక్కా' అంటే, 'ముందు నువ్వు ఆ తలుపు దాకా నడువు, అది తర్వాత చూద్దాం' అన్నది."