ఎవరూ వంక పెట్టని గౌన్లు

రేపల్లెలో ఫ్యాన్సీ షాపు ఆయన గౌను అంచు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. మళ్ళీ మడిచి ఇచ్చేశాడు.

“పని బాగుందమ్మా. కానీ ఇప్పుడందరూ మద్రాసు బాబా సూట్లు అడుగుతున్నారు. చేత్తో కుట్టినవి ఎవరు కొంటారు?”

దేవకుమారి సంచి సర్దుకుని బయటికి వచ్చింది. బాపట్లలోనూ అదే వరస. చర్చి ఆవరణలో స్త్రీల సమాజం వాళ్ళు అమ్మకాల బల్లలు వేస్తే, ఓ మూల తన గౌన్లు పరిచి పొద్దుగూకేదాకా నిలబడింది. టీచరమ్మలు వచ్చారు. లేసు ముట్టుకుని, ఎవరు నేర్పారని అడిగారు. పక్క బల్ల మీద పచ్చళ్ళు కొనుక్కుని వెళ్ళిపోయారు.

మిషను హాస్టల్లో ఉన్నప్పుడు నేర్చుకున్న పని అది. చంటిపిల్లల గౌన్లు. మల్లు గుడ్డ మీద చేతికుట్టు, మెడ చుట్టూ క్రోషా లేసు. పెళ్ళయి ఏళ్ళు గడిచినా ఆమె ఒళ్ళో బిడ్డ లేదు. ఇరుగుపొరుగు ఆ సంగతి మర్చిపోనిచ్చేవాళ్ళు కాదు. చేతిలో సూది ఉన్నంతసేపే మనసు కుదురుగా ఉండేది. ఎవరి బిడ్డలైతేనేం, తన గౌన్లు తొడుక్కుంటే చాలనుకునేది.

చివరికి దారి చూపించింది మంగాయమ్మ. భర్త ప్రభుదాస్‌కి అక్క. తెనాలిలో ఆసుపత్రి ఆయా.

“అంద్రెయగారని ఒకాయన ఉన్నాడు. ఎన్ని కుడితే అన్నీ తీసుకుంటానన్నాడు.”

“ఏ షాపు వదినా?”

“చిన్న కొట్టేలే. తెల్లవే కావాలంట. రంగుపూలు వద్దంట. బొత్తాలు కూడా వద్దు, వెనకంతా తెరిచుండి నాడాలుంటే చాలంట. తొడగడానికి తేలిక.”

దేవకుమారికి ఆ మాట నచ్చింది. మెడ నిలవని పసికందులకు అదే సుఖం. ఈయనెవరో బిడ్డల్ని ఎరిగిన మనిషి అనుకుంది.

అప్పటినుంచి ఆమె చేతులకు ఖాళీ లేదు. మంగాయమ్మ వచ్చినప్పుడల్లా ఓ మూట పట్టుకెళ్ళేది. వానాకాలంలో ఇంకా కావాలని కబురు వచ్చేది. ముసురులో గుడ్డలు ఆరవు కదా, ఒకటికి రెండు కొంటారు కాబోలు అనుకుని దీపం ముందు కూర్చుని కుట్టేది.

“తల్లులు ఏమంటున్నారు వదినా?”

మంగాయమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. “ఒక్కళ్ళూ వంక పెట్టలేదమ్మా. ఇరుకైందని, చిరిగిందని ఇంతవరకూ ఒక్క గౌనూ వెనక్కి రాలేదు.”

ఆ మాట దేవకుమారి భర్తకు చెప్పుకుంది. పాస్టరమ్మకు చెప్పుకుంది. తెనాలి నుంచి చుట్టపుచూపుగా ఎవరు వచ్చినా, వాళ్ళ చంకల్లో పిల్లల్ని పరికించి చూసేది. తన గౌను మాత్రం ఎక్కడా కనబడలేదు.

ఇంతలో దేవుడు ఆమె వైపు కూడా చూశాడు. ఆడపిల్ల పుట్టింది. కరుణ అని పేరు పెట్టారు. చూడటానికి వచ్చిన మంగాయమ్మ, బిడ్డ ఒంటి మీద తెల్లగౌను గబగబా విప్పేసి, తను తెచ్చిన పూల బాబా సూటు తొడిగింది. దేవకుమారి నొచ్చుకుంది. విప్పేసిన గౌను మడిచి పక్కన పెట్టుకుంది.

బిడ్డకు కాస్త ఒళ్ళు వచ్చాక ఆమెకో ఆలోచన తట్టింది. కొట్టు ముందు ఒక గౌను వేలాడదీసి, కింద తన పేరు రాయించమంటే? బిడ్డకే తొడిగి తీసుకెళ్ళి చూపిస్తే ఆయన కాదనడు. వదినకు చెబితే వద్దంటుంది. కొత్త తెల్లగౌను తొడిగి, పొద్దున్నే తెనాలి ప్యాసింజరు ఎక్కింది.

స్టేషను బయట రిక్షా పిలిచి, “అంద్రెయగారి కొట్టుకి” అంది.

రిక్షా అతను ఆమె ఒళ్ళో కదలకుండా నిద్రపోతున్న బిడ్డ వైపు చూశాడు. గోతులు తప్పిస్తూ మెల్లగా తొక్కాడు. దిగాక డబ్బులివ్వబోతే, “వద్దులే చెల్లెమ్మా” అని తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. తెనాలి మనుషులు ఇంత మంచివాళ్ళా అనుకుంది.

రేకుల షెడ్డు. ముందు ఒక బల్ల. తలుపు వెనక సుత్తి చప్పుడు. తన గౌన్లకే కొత్తగా అరలు కొట్టిస్తున్నట్టున్నారు. ఒక తలనెరిసిన మనిషి బయటికి వచ్చాడు. ఆమెను చూస్తూనే భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. లోపలికి చెయ్యి ఊపితే సుత్తి ఆగిపోయింది.

“అంద్రెయగారు మీరేనా అండి? నేను రేపల్లె నుంచి...”

“ఏం చెప్పొద్దు తల్లీ. అంత దూరం నుంచి ఒక్కదానివే వచ్చావా? ముందు కూర్చో. మంచినీళ్ళు తాగు.”

ఇంత ఆదరణ ఆమె అనుకోలేదు. గ్లాసు అందుకుని బల్ల మీద కూర్చుంది. అతను జేబులోంచి టేపు తీసి, బిడ్డకు తగలకుండా తల నుంచి పాదాల దాకా కొలిచాడు. గౌను కొలత చూసుకుంటున్నాడనుకుంది. ఇకనుంచి ఈ సైజు కూడా అడుగుతాడు కాబోలు.

“పేరు పెట్టారా అమ్మా?”

“పెట్టామండి. కరుణ.”

“మంచి పేరు. పైన పేరు కూడా నేనే రాస్తాలే.”

తను అడగకముందే పేరు రాస్తానంటున్నాడు. తన పేరు కాకపోతేనేం, బిడ్డ పేరుతో అమ్మినా బాగానే ఉంటుంది. దేవకుమారి మొహం విప్పారింది.

అంద్రెయ ఆమె ముందు నేల మీద గొంతుక్కూర్చుని, బాగా గొంతు తగ్గించి అడిగాడు.

“పెట్టె మూతకి మేకులు ఇక్కడే కొట్టెయ్యనా తల్లీ, మట్టి చేసేముందు వాళ్ళ నాన్న ఒకసారి మొహం చూసుకోవాలా?”