తీగలు ఏరే ఆవిడ

పేపరు మిల్లులో పాత కాగితాల కుప్ప మీద కూర్చుని ఇనప తీగలు లాగుతున్న ముసలావిడ కెమిస్ట్ కంటపడింది.

"ఎవరమ్మా నువ్వు? లోపలికెవరు రానిచ్చారు?"

ఆవిడ ఉలిక్కిపడింది. ఒడి నిండా తీగలు, క్లిప్పులు.

"ఇవాళ తొట్టి దగ్గర ఎవరు బాబూ?" అని మాత్రం అడిగింది.

దొంగతనానికొచ్చి డ్యూటీ ఎవరిదని ఆరా తీస్తోందా అని కెమిస్ట్‌కి ఒళ్ళు మండింది. వాచ్‌మన్‌ని పిలిచి చెడామడా తిట్టాడు.

"పాత ఇనుముకి అమ్ముకునేవాళ్ళని లోపలికి వదులుతావా? మళ్ళీ ఈవిడ గేటు దాటిందంటే నీ ఉద్యోగం ఉండదు."

"అది కాదు సార్, పాపం ఆవిడ..." వాచ్‌మన్ నసిగాడు.

"నాకు కథలు చెప్పకు."

ముసలావిడ ఒడిలోని తీగల్ని ఓ మూలగా పెట్టి వెళ్ళిపోయింది.

అసలు ఆ వారమంతా కెమిస్ట్‌కి కంటి మీద కునుకు లేదు. టిష్యూ పేపరుకి కలప నుంచి తీసిన కొత్త గుజ్జు మేలా, పాత కాగితాలు నానబెట్టి తీసిన గుజ్జు మేలా అన్నది యజమాని తేల్చుకోబోతున్నాడు. కొత్త గుజ్జుకి పీచు పొడుగు, కాగితం ఓ పట్టాన చిరగదు. పాతదాని పీచు పొట్టి. అయినా తీసిపోదని కెమిస్ట్ అందరి ముందూ ఢంకా బజాయించి చెప్పాడు. ఆ మాట తప్పయితే పాత కాగితాల షెడ్డు మూతపడుతుంది. అందులో పనిచేసేవాళ్ళంతా రోడ్డున పడతారు.

రెండు రకాల టిష్యూలూ మార్చి మార్చి బుగ్గకి రాసుకుంటూ తిరుగుతాడని వాళ్ళు అతనికి "బుగ్గల సారు" అని పేరు పెట్టారు. అది విని అతను ముసిముసిగా నవ్వుకునేవాడు. వాళ్ళంటే అతనికి ఇష్టం.

కొత్త గుజ్జు పరీక్ష సాఫీగా అయిపోయింది.

పాత గుజ్జు వంతు వచ్చిన రోజు, యజమాని చూస్తుండగానే, కాగితాలు నానే తొట్టి గుర్రుమని ఆగిపోయింది. అడుగున తిరిగే బ్లేడుకి తీగ చుట్టుకుంది.

"చెయ్యి పెట్టి లాగెయ్, నిమిషంలో పని" అని కెమిస్ట్ కేకేశాడు.

పనివాడు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మేస్త్రీ ఒక్క ఉదుటున వచ్చి అతని జబ్బ పట్టి వెనక్కి లాగాడు. కరెంటు తీయించాడు.

"ఎవరూ చెయ్యి పెట్టరు సార్" అన్నాడు.

తొట్టి ఖాళీ చేసి తీగ తీసేసరికి పొద్దు వాలింది. గుజ్జంతా పాడైంది. యజమాని "చూసింది చాలు" అని కారెక్కాడు. మర్నాడు షెడ్డుకి తాళం పడింది.

"ఇన్నాళ్ళూ పట్టని తీగ ఆ రోజే ఎందుకు పట్టింది మేస్త్రీ?" కెమిస్ట్ ఏడుపు దిగమింగుకుంటూ అడిగాడు.

మేస్త్రీ అతన్ని షెడ్డు వెనక్కి తీసుకెళ్ళాడు. అక్కడ తుప్పు పట్టిన తీగలు గుట్టగా పడి ఉన్నాయి.

"ఆ ముసలావిడ ఒక్కటీ అమ్ముకోలేదు సార్. రోజూ పొద్దున్నే వచ్చి, మా కళ్ళకి కనబడకుండా మిగిలిపోయినవన్నీ ఏరి ఇక్కడ పడేసేది."

కెమిస్ట్ గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"ఇందాకే వచ్చి వెళ్ళింది సార్" అన్నాడు వాచ్‌మన్. "షెడ్డు మూసేశారని చెప్పాను. అయితే ఇంకెవరూ అందులో చెయ్యి పెట్టక్కర్లేదు కదా అంది. కళ్ళొత్తుకుని, ఇక రాను నాయనా అని చెప్పి వెళ్ళిపోయింది."

"ఎవరావిడ? నాకెందుకు చెప్పలేదు?"

వాచ్‌మన్ తల వంచుకున్నాడు.

"ఆ మాట ఎత్తొద్దని యజమాని గట్టిగా చెప్పారు సార్. మీరు రాకముందు ఇలాగే తొట్టికి తీగ పడితే, చెయ్యి పెట్టి లాగెయ్యమన్నారు. లాగినవాడు ఆవిడ ఒక్కగానొక్క కొడుకు."