పదిహేను అంకెలు

“వాదనెందుకండీ? చిప్పు చూపిస్తే తేలిపోతుందిగా” అంది దర్జీ ఆవిడ.

ఎనిమిది నెలల కిందట ఆవిడ దుకాణం ముందు నుంచి ఎవరో ఎత్తుకుపోయిన కుక్క అది. చెప్పులరిగేలా తిరిగింది పాపం. కనబడిన స్తంభానికల్లా కాగితం అంటించింది. ఈ రోజు బస్టాపు దగ్గర ఎవరో పెద్దమనిషి గొలుసు పట్టుకుని నడిపిస్తూ కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. తెల్ల కుక్క, కుడి చెవి మీద గుండ్రటి నల్ల మచ్చ. ఆ మచ్చ చూసే గుండీ అని పేరు పెట్టుకుంది.

పెద్దమనిషి మాత్రం తాను కొనుక్కున్నానన్నాడు. రసీదు ఉందన్నాడు. ఫోటో చూపిస్తే, అలాంటి మచ్చల కుక్కలు కోకొల్లలన్నాడు. ఇక ఆవిడ పట్టుబట్టి, దాని మెడ చర్మం కింద గుర్తింపు చిప్పు వేయించిన పశువుల ఆసుపత్రికే ఆయన్ని లాక్కొచ్చింది.

కొత్తగా వచ్చిన పశువుల డాక్టరమ్మ గుండీ మెడ మీద స్కానర్ ఆనించింది. అది కుయ్‌మంది. పదిహేను అంకెలు కనిపించాయి. దర్జీ ఆవిడ మొహం విప్పారింది.

డాక్టరమ్మ ఆ అంకెలు కంప్యూటర్లో కొట్టి పెదవి విరిచింది.

“చిప్పుందమ్మా. ఆ నంబరు మీద ఎవరి పేరూ నమోదు కాలేదు. అప్పుడు ఫారం నింపి ఇవ్వలేదా?”

“సంతకం కూడా చేసిచ్చాను. నంబరు రాసిన టీకాల పుస్తకమైతే ఇల్లు మారినప్పుడు పోయింది గానీ, ఈ కాంపౌండరు గారిని అడగండి. చిప్పు వేసేటప్పుడు గుండీని కదలకుండా పట్టుకున్నది ఈయనే.”

అందరూ కాంపౌండరు వైపు చూశారు. నెమ్మదస్తుడు, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాడు. ఆయన చేతిలో ఒక్క కాగితం అటూ ఇటూ కాదని డాక్టరమ్మే కితాబిచ్చింది. ఆయన మొదట ఆవిడను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు.

“రోజుకి ఎన్ని కుక్కలో, గుర్తు లేదమ్మా. చాలామంది ఫారం ఇంటికి పట్టుకెళ్లి మరిచిపోతుంటారు. మీరూ అలాగే చేసుంటారు.”

అంత మెల్లగా చెబితే ఎవరికైనా తమ మీద తమకే అనుమానం వస్తుంది. స్కూలు యూనిఫాంలు కుట్టే హడావిడిలో ఉన్న రోజులవి. ఏమో, నేనే మరిచానేమో అనుకుంది.

పేరు లేదు, రసీదు ఉంది, తానేం చెయ్యలేనని డాక్టరమ్మ చేతులెత్తేసింది. పెద్దమనిషి గొలుసు లాగాడు. గుండీ నాలుగు కాళ్లూ బిగబట్టింది. నున్నటి నేల మీద గోళ్లు జారాయి.

“తప్పు నాదేరా కన్నా” అంది ఆవిడ, దాని చెవి నిమురుతూ.

కాంపౌండరు ఆవిడను మెట్ల దాకా దిగబెట్టాడు. బాధపడొద్దని రెండుసార్లు చెప్పాడు. ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.

తర్వాత లోపలికొచ్చి సొరుగు తాళం తీసి, రెండేళ్ల కిందట ఆవిడ సంతకం చేసిచ్చినా కంప్యూటర్లో ఎక్కించడం తాను మరిచిపోయిన ఫారాన్ని అడుగు నుంచి లాగి, సన్నగా చింపేశాడు.