ఏకగ్రీవ కేబినెట్

"నిరుపమా, ఈసారి నా కేబినెట్‌లో కల్చరల్ సెక్రటరీవి నువ్వేనమ్మా," అంటూ సుబ్బరామయ్య పూతరేకుల డబ్బా టీపాయ్ మీద పెట్టారు. బోటనీ డౌన్స్ తెలుగు సంఘానికి ఏటా ఆయనే అధ్యక్షుడు, అదీ ఏకగ్రీవంగా. రెండో ప్యానెల్‌ని ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

నిరుపమ డబ్బా వంక అనుమానంగా చూసింది.

"అంకుల్, మొన్న ఉగాది సభలో ఎన్నికలెందుకు పెట్టరని మిమ్మల్ని అందరి ముందూ నిలదీశాను. నాకా పదవి?"

"అందుకేనమ్మా! అడిగే దమ్మున్నవాళ్లే నాకు కావాలి. ఒకప్పుడు కావ్యశ్రీ నన్ను దిగిపొమ్మంది, వైస్ ప్రెసిడెంట్‌ని చేశా. రవిచంద్ర స్టేజీ ఎక్కి నా మీద అరిచాడు, ఫుడ్ కమిటీ ఇచ్చా."

నిరుపమకి ఉగాది సభ కళ్ల ముందు మెదిలింది. తన చేతిలోంచి మైకు లాక్కున్నది ఆ కావ్యశ్రీయే. "భోజనాలు రెడీ!" అని అరిచి సభని చెదరగొట్టినవాడు ఆ రవిచంద్రే.

"చేరతాను అంకుల్. కానీ ఒక్క షరతు. వచ్చే ఏడాది ఎన్నికలు పెట్టాలి."

సుబ్బరామయ్య మురిసిపోయారు.

"కావ్యశ్రీ కూడా సరిగ్గా ఇదే షరతు పెట్టి చేరిందమ్మా," అంటూ పూతరేకు తీసి ఆమె చేతిలో పెట్టారు. "ముందు నోరు తీపి చేసుకో."